ఎండుటాకులకు అగ్గిపుల్ల వద్దు: నగరపు ఆకుచెత్తతో మల్చింగ్, కంపోస్టు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి వచ్చిందంటే హైదరాబాద్ కాలనీల్లో తెల్లవారుజామున రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి. మొదట ఈనెల చీపురు రోడ్డు మీద గీసుకునే చప్పుడు. కాసేపటికి ఎండుటాకులు చిటపటలాడే చప్పుడు. ఆ రెండోది వినపడకుండా చేద్దామని మా కాలనీలో కొందరం పార్కు మూలన ఒక కుప్పతో మొదలుపెట్టాం. చూడటానికి వచ్చినవాళ్ళు, తిట్టడానికి వచ్చినవాళ్ళు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు అడిగిన ప్రశ్నలన్నీ పోగేస్తే ఈ పేజీ అయింది. కొన్నింటికి జవాబు పుస్తకాల్లో దొరికింది, కొన్నింటికి పార పట్టుకున్నాకే తెలిసింది.

ఆకుచెత్త అంటే ఏమేమి వస్తాయి?

రాలిన ఆకులు, కోసిన పచ్చిక, కత్తిరించిన కంచె మొక్కల కొసలు, కొట్టేసిన కొమ్మలు, కొబ్బరి మట్టలు, వాడిన పూలు, పీకిన కలుపు. వంటింటి కూరగాయల తుక్కు లెక్క వేరు గానీ, ఎండుటాకులకు దానికి మించిన జోడీ లేదు. ఎందుకో కింద చెప్తాను.

ప్లైవుడ్, రంగు వేసిన తలుపు చెక్కలు, విరిగిన ఫర్నిచర్ కూడా చెట్టు నుంచే వచ్చాయి కదా అంటారు. వద్దు. వాటిలో జిగురు, రంగు, చెదల మందు ఉంటాయి.

తోట చెత్తను విడిగా ఉంచాలన్న మాట 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే వచ్చింది. రోడ్ల మీద, ఖాళీ స్థలాల్లో చెత్త పారేయకూడదు, తగలబెట్టకూడదు, పూడ్చకూడదు అని కూడా వాటిలోనే రాశారు. రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే అపార్ట్‌మెంట్లు, హోటళ్ళు, సంస్థల మీద ఇంకాస్త ఎక్కువ బాధ్యత పెట్టారు.

తగలబెడితే తప్పేంటి? బూడిద కూడా ఎరువేగా?

ఎరువే. పొటాష్, సున్నం బూడిదలో మిగులుతాయి. కూరపాదుల మీద మన అమ్మమ్మలు బూడిద చల్లింది ఊరికే కాదు. కానీ ఆకులో ఉన్న కర్బనం, నత్రజని దాదాపు మొత్తం పొగతో పాటే పోతాయి. మన ఎర్ర నేలలకు కరువైనవి సరిగ్గా ఆ రెండే. చాలా చోట్ల మట్టిలో సేంద్రియ కర్బనం అర శాతం కూడా ఉండదు. ఇక కాలనీ పార్కుల మట్టి సంగతి చెప్పక్కర్లేదు. అది సగం మట్టి, సగం ఇటుక ముక్కలు. అలాంటి నేల ఉన్నవాళ్ళం ఆకును కాల్చేసి, నర్సరీకి వెళ్ళి డబ్బులిచ్చి ఎరువు సంచి తెచ్చుకుంటున్నాం.

పొగ సంగతి వేరే ఉంది. రోడ్డు పక్క కుప్ప భగ్గున మండదు. మంచుకు తడిసి ఉంటుంది కాబట్టి గంటల తరబడి రాజుకుంటూ పొగ కక్కుతుంది. అందులో పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు కూడా కలుస్తాయి. పక్కింట్లో ఆస్తమా ఉన్న పెద్దాయన తలుపులు బిగించుకుని కూర్చోవాలి. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో ఉత్తర్వు ఇచ్చింది. పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ ఏళ్ళ తరబడి నడిపిన చెత్త కేసులో వచ్చిన ఉత్తర్వు అది.

మల్చింగ్, కంపోస్టు ఒకటేనా?

కాదు. ఆకుల్నీ చెక్క ముక్కల్నీ ఉన్నవి ఉన్నట్టు నేల మీద పరిస్తే మల్చింగ్. ప్రకృతి సేద్యం చేసే రైతులు దీన్నే ఆచ్ఛాదన అంటారు. కుప్ప వేసి, తడిపి, చివికించి, మట్టి వాసన వచ్చేదాకా మాగబెడితే కంపోస్టు. మల్చింగ్ నేలకు దుప్పటి, కంపోస్టు తిండి. ఆ దుప్పటి కూడా ఏడాది తిరిగేసరికి అడుగు నుంచి చివుకుతూ తిండే అవుతుంది.

నన్నడిగితే ముందు మల్చింగ్. కంపోస్టు మాట వినగానే అందరూ గుంటలు, డబ్బాలు, చివికించే సూక్ష్మజీవుల కల్చర్ ప్యాకెట్లు వెతుకుతారు. పార్కులో వేప కింద రాలిన ఆకును ఆ వేప పాదులోకే నెట్టడానికి చీపురు తప్ప ఏమీ అక్కర్లేదు. పాదులన్నీ నిండాక మిగిలిందే కుప్పకు వెళ్ళాలి, కుప్పకు కూడా పట్టనిది మాత్రమే లారీ ఎక్కాలి. మన నగరాల్లో ఇది తలకిందులుగా నడుస్తోంది. ఆకు మొదటే లారీ ఎక్కుతోంది. ఎండుటాకులతో నిండిన లారీ మోసేదంతా గాలే, డీజిల్ మాత్రం మామూలుగానే అవుతుంది.

మల్చింగ్ ఎంత మందం వేయాలి?

రెండు నుంచి నాలుగు అంగుళాలు. గాలి ఆడే చెక్క ముక్కలైతే నాలుగు, అతుక్కుపోయే మెత్తటి ఆకైతే రెండు మూడు చాలు. పచ్చిగా కోసిన గడ్డిని మందంగా వేస్తే జిగురు జిగురుగా పొర కట్టి నీళ్ళు దిగనివ్వదు. ఒక పూట ఎండబెట్టి వేయండి.

అందరూ చేసే తప్పు ఒకటుంది: మొదలు చుట్టూ పుట్టలా పోయడం. కాండానికి తడి తగులుతూ ఉంటే బెరడు కుళ్ళుతుంది, చెదలు ఎక్కుతాయి. కాండం నుంచి జానెడు దూరం వదిలేసి, అక్కడి నుంచి కొమ్మల నీడ పడేంత వరకు పరచండి. నీళ్ళు తాగే వేర్లు ఎక్కువగా ఉండేది అక్కడే. మొదలు దాకా సిమెంటు పోసేసి ఉంటే ముందు అది పగలగొట్టించాలి, మల్చింగ్ తర్వాత.

చెక్క పొట్టు వేస్తే నేలలో నత్రజని లాగేస్తుందని విన్నాను. నిజమా?

సగం నిజం. మట్టిలో కలిపి దున్నితే లాగేస్తుంది. చెక్కలో కర్బనం మరీ ఎక్కువ, దాన్ని తినే సూక్ష్మజీవులకు నత్రజని చాలక చుట్టూ ఉన్న మట్టిలోంచి తీసుకుంటాయి, మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. పైన పరిచి వదిలేస్తే ఆ ఇబ్బంది మట్టికీ మల్చికీ మధ్య ఉన్న పల్చటి పొరకే పరిమితం. చెట్ల కింద నిశ్చింతగా వేయండి. ఆకుకూరల మడిలో మాత్రం వద్దు.

పార్కులో కంపోస్టు కుప్ప ఎలా వేయాలి? మా దగ్గర పెద్దగా డబ్బు లేదు.

డబ్బు పెద్దగా అక్కర్లేదు. కోళ్ళ జాలీ తెచ్చి నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తుతో గుండ్రంగా చుట్టి నిలబెట్టండి. నీడ ఉండాలి, నీళ్ళ కుళాయి దగ్గరుండాలి, వాన నీళ్ళు నిలవకూడదు. కిందంతా నేలే ఉండనివ్వండి, సిమెంటు గచ్చు వద్దు. వానపాములు పైకి వచ్చేది నేలలోంచే.

అడుగున చేతి వేళ్ళంత లావు పుల్లలు ఒక జానెడు. గాలికి అదే దారి. ఆ పైన ఎండుటాకులు ఒక అడుగు మందం వేసి తొక్కండి. దాని మీద పచ్చి సరుకు మూడు నాలుగు అంగుళాలు: కూరగాయల తుక్కు, కోసిన పచ్చిక, వాడిన పూలు, ఏది దొరికితే అది. దాని మీద పేడ నీళ్ళు చిలకరించండి. మళ్ళీ ఆకులు. ఇలా పైదాకా. చివరి పొర ఎప్పుడూ ఎండుటాకులే. తుక్కు పైకి కనిపించిందంటే ఈగలకు భోజనానికి పిలుపు పంపినట్టే.

ఈ పొరల వెనుక ఒక లెక్క ఉంది. సూక్ష్మజీవులకు ఒక వంతు నత్రజనికి పాతిక నుంచి ముప్పై వంతుల కర్బనం కావాలి. ఎండుటాకుల్లో అది సుమారు 40 నుంచి 80 వంతులు ఉంటుంది. రంపపు పొట్టులో వందల్లోకి వెళ్తుంది. పేడ, కూరగాయల తుక్కు, పచ్చి గడ్డి 15, 20 దగ్గర తిరుగుతాయి. ఆకులు ఒక్కటే వేస్తే చివకడానికి ఏడాది పట్టేది అందుకే. తుక్కు ఒక్కటే వేస్తే వారానికి కంపు కొట్టేదీ అందుకే. రెండూ కలిస్తే మూడు నాలుగు నెలలు. మన పల్లెల్లో పెంటదిబ్బ మీద గడ్డీ పేడా కలిపి వేసినవాళ్ళు ఈ నిష్పత్తి లెక్క కట్టలేదు, పని మాత్రం జరిగింది.

తడి చూడ్డానికి మీటర్లు వద్దు. గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువ, చెయ్యి పొడిగా ఉంటే తక్కువ. హైదరాబాద్‌ ఏప్రిల్ ఎండల్లో నూటికి తొంభై కుప్పలు ఆగిపోయేది నీళ్ళు చాలకే. బయట తడిగా కనిపిస్తుంది, లోపల అప్పడంలా ఉంటుంది. పొరలు వేసేటప్పుడే తడపాలి, తర్వాత పైన ఎంత పోసినా పక్కల నుంచి జారిపోతుంది. మా మొదటి కుప్ప ఆరు నెలలు అలాగే ఉండిపోయింది. విప్పి చూస్తే ఏ రోజు వేసిన కానుగాకు ఆ రోజులాగే ఉంది.

పది పదిహేను రోజులకోసారి తిరగేయండి. జాలీ విప్పి పక్కన నిలబెట్టి, పైది కిందకు, బయటది లోపలికి వచ్చేలా మళ్ళీ నింపడమే. పెద్ద పార్కుల్లో ఇటుకలతో కట్టే నాడెప్ తొట్టి బాగుంటుంది. మహారాష్ట్ర రైతు నారాయణ్ దేవ్‌తావ్ పంఢరిపాండే రూపొందించిన పద్ధతి అది. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు, గోడల్లో గాలికి కన్నాలు. తిరగేసే పని లేదు, మూడు నాలుగు నెలలకు ఎరువు చేతికొస్తుంది. తిరగేసే ఓపిక మీకు ఉండదని ముందే తెలిస్తే నేరుగా అదే కట్టుకోండి.

కుప్ప వేడెక్కి ఆవిరి వస్తోంది. నిప్పంటుకుంటుందా?

వేడెక్కాలి. అది పని చేస్తోందనడానికి గుర్తు. సరైన కుప్ప మధ్యలో 55 నుంచి 65 డిగ్రీలు ఉంటుంది. ఒక ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాలాగి తీసి పట్టుకుని చూడండి. చెయ్యి వెంటనే లాగేసుకుంటే బాగున్నట్టు. కలుపు విత్తనాలు, రోగ క్రిములు చచ్చేది ఆ వేడికే. మూడడుగుల కంటే చిన్న కుప్ప ఈ వేడిని పట్టి ఉంచలేదు. నాలుగడుగుల జాలీ కుప్ప దానంతట అది అంటుకోదు. నగర స్థాయిలో పెద్ద చిప్పర్లతో (కొమ్మల్ని ముక్కలు చేసే యంత్రాలతో) కొట్టిన చెక్కను కొండలా పోసి నెలలు వదిలేస్తే మాత్రం లోపల వేడి పెరిగి నిప్పు పుట్టే ప్రమాదం నిజంగానే ఉంది.

కంపు కొడుతోంది. పక్కవాళ్ళు గొడవ చేస్తున్నారు.

గొడవ చేయనివ్వండి, వాళ్ళు చెప్పేది నిజమే. కుళ్ళిన కోడిగుడ్డు వాసనంటే గాలి ఆడట్లేదు, తడి ఎక్కువైంది. తిరగేసి, పొడి ఆకులు పుల్లలు కలపండి. ఘాటుగా అమ్మోనియా వాసనంటే పచ్చి సరుకు ఎక్కువైంది, దానికీ ఎండుటాకులే మందు. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకులు గోనె సంచుల్లో కూరి దాచుకోండి. జులైలో కూరగాయల తుక్కు ఉంటుంది, ఆకు దొరకదు. మా దగ్గర ఆవకాయకు కారం దాచినట్టు ఆకు సంచులు దాస్తాం.

పాములు, తేళ్ళు వస్తాయని మా అసోసియేషన్ ఒప్పుకోవట్లేదు. దోమలు కూడా అంటున్నారు.

పాము భయాన్ని కొట్టిపారేయను. ఎలుకలున్న చోటికి పాము వస్తుంది, వండిన అన్నం పడేసిన చోటికి ఎలుక వస్తుంది. కాబట్టి కుప్పలో అన్నం, మాంసం, చేప ముక్కలు వేయకండి. నెలల తరబడి కదపని పొడి ఆకు గుట్ట పాముకు ఇల్లే. పది రోజులకోసారి తిరగేసే, లోపల 60 డిగ్రీలున్న తడి కుప్పలో ఏదీ కాపురం పెట్టదు. అయినా చేతులు పెట్టకండి, పారతోనే కదపండి. బూట్లు వేసుకోండి. పిల్లల ఆట స్థలానికి దూరంగా పెట్టండి.

దోమల మాట వేరు. డెంగీ దోమ నిలవ నీళ్ళలో గుడ్లు పెడుతుంది, తడి ఆకుల్లో కాదు. ఆ నీళ్ళు దొరికేది కుప్ప పక్కన పడేసిన కొబ్బరి బోండాం డొప్పల్లో, పగిలిన కుండీల్లో. అసోసియేషన్ మీటింగ్‌లో ఈ సంగతి చెప్పే ముందు మీ గేటు బయట బోండాల బండి దగ్గరి గుట్టను ఫోటో తీసి పట్టుకెళ్ళండి.

కుప్పలో లావుపాటి తెల్ల పురుగులు కనిపిస్తున్నాయి. చంపేయాలా?

చుట్ట చుట్టుకుని ఉండే ఆ పురుగులు పెంకు పురుగుల పిల్లలు. అన్నీ చెడ్డవి కావు, చాలా వరకు చివికిన ఆకు తిని బతికేవే. అయితే కొబ్బరి చెట్లున్న చోట జాగ్రత్త. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు ఎరువు గుంటల్లోనే గుడ్లు పెడుతుంది. కోనసీమ రైతులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బొటనవేలంత లావు పురుగులు కనిపిస్తే ఏరి కోళ్ళకు, కాకులకు వేయండి. ఎరువును కుండీల్లో వేసే ముందు జల్లించండి. వేరు తినే పురుగు ఒక్కటి లోపలికి పోయినా గులాబీ కుండీ సంగతి అంతే.

ఏ ఆకులు పనికి రావు?

పనికిరాని ఆకు దాదాపు లేదు, ఆలస్యంగా చివికేవి ఉన్నాయి. నిద్రగన్నేరు, చింత, తురాయి వంటి చిన్నాకులు ముట్టుకుంటే పొడవుతాయి. మామిడి, మర్రి, పనస, టేకు తోలులా ఉంటాయి, వాటిని నలిపి వేయాలి. కానుగ గురించి ఒక మాట: వరి మళ్ళలో పచ్చిరొట్టగా మన రైతులు తొక్కిన ఆకు అది. అదే చెట్టును ఇప్పుడు నగరంలో రోడ్ల పక్కన నీడ కోసం పెంచి, ఆకు రాలగానే ఊడ్చి పారేస్తున్నాం. రాలిన ఆకు పచ్చి ఆకంత బలమైనది కాదు, నిజమే. చెట్టు ఆకును వదిలే ముందు అందులోని నత్రజనిని చాలావరకు వెనక్కి లాక్కుంటుంది. అందుకే పేడ తోడు కావాలి.

వేపాకు వేస్తే వానపాములు చస్తాయని ఒకాయన గట్టిగా వాదించారు. చావవు, కొత్తలో కాస్త దూరంగా ఉంటాయి. నీలగిరి ఆకును లేత మొక్కల దగ్గర మల్చింగ్‌గా వేయకండి, కుప్పలో వేస్తే సరిపోతుంది. గన్నేరు విషపు మొక్క కాబట్టి ఆవులు, మేకలు తిరిగే చోట దాన్ని పరచకండి. మొన్నే కలుపు మందు కొట్టిన పచ్చికను మాత్రం దేనికీ వాడకండి.

వయ్యారిభామ, తుంగ, గరిక వేయొచ్చా?

వయ్యారిభామను పూత రాకముందు పీకితే వేయొచ్చు. పూసిందంటే వద్దు. కుప్ప అంచుల్లో వేడి చాలదు, విత్తనాలు బతుకుతాయి, ఆ ఎరువు వేసిన ప్రతి కుండీలో అదే మొలుస్తుంది. పీకేటప్పుడు చేతికి గ్లవ్స్ ఉండాలి, దురద పెడుతుంది. తుంగ గడ్డల్ని, గరిక వేర్లను బండ మీద వారం రోజులు మాడ్చండి. అప్పుడు వేయండి. తుంగకు ఒక్క రోజు ఎండ చాలదు.

చెరువుల్లోంచి తీసిన గుర్రపు డెక్క?

కోనసీమ కాలువలోదైతే ఒక మాట, నగరపు మురుగు కలిసే చెరువులోదైతే ఒక మాట. గుర్రపు డెక్క నీళ్ళలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను వేర్లలో పోగేసుకుంటుంది. చివికినా అవి ఎక్కడికీ పోవు. హుస్సేన్ సాగర్, మూసీ వంటి చోట్ల తీసినదాన్ని పరీక్ష చేయించకుండా కూరగాయలకు వాడొద్దనే చెప్తాను.

బతుకమ్మ పూలు, చవితి పత్రి, గుడి దండలు కుప్పలో వేయడం తప్పు కాదా?

ఈ ప్రశ్న చాలా మంది గొంతు తగ్గించి అడుగుతారు. బతుకమ్మను నీళ్ళలో వదిలేది తంగేడు, గునుగు, బంతి తిరిగి ప్రకృతిలో కలవాలనే. చెరువు లేని కాలనీలో మట్టిలో కలిసినా అదే కదా. కాళ్ళ కింద పడకుండా, చెత్త బండిలో డైపర్ల మధ్య పోకుండా చూసుకోవడం ముఖ్యం. మేము వాటికి వేరే జాలీ పెట్టాం. ఆ ఎరువు గుడి నందివర్ధనాలకూ పార్కులో తులసి మొక్కలకూ పోతుంది, ఆ తర్వాత ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. దండల దారాలు, థర్మోకోల్, జరీ కాగితం మాత్రం విడదీయాలి, అదే అసలు పని. రంగు అద్దిన గునుగు పూలను విడిగా ఉంచండి.

మండపాలకు కట్టిన అరటి చెట్లు పండగ మర్నాడు వీధంతా పడి ఉంటాయి. బోదెల్ని కత్తితో ముక్కలు చేసి వేస్తే అంతకు మించిన తడి సరుకు లేదు. న్యూయార్క్ వైపు ఉన్న మనవాళ్ళు చూసే ఉంటారు, అక్కడ ప్రతి జనవరిలో జనం తమ క్రిస్మస్ చెట్లను పార్కుకు తెచ్చిస్తే చిప్పర్‌లో వేసి పొట్టు చేసి ఇస్తారు. దసరా మర్నాడు మన దగ్గర అలాంటి చిప్పర్ ఒకటి వార్డుకు వస్తే ఎంత బాగుండు.

ఆకులు, కొమ్మలు తరిగే ష్రెడ్డర్ కొనాలా?

మొదటి ఏడాది కొనకండి. ఇది మా జేబు నేర్పిన పాఠం. చందాలు వేసుకుని ఒక చిన్న యంత్రం కొన్నాం. అమ్మినవాళ్ళు నడిపి చూపించినప్పుడు ఎండు కొమ్మల్ని చెరుకు ముక్కల్లా నమిలేసింది. మా పార్కులో పచ్చి కొబ్బరి మట్ట పెట్టగానే పీచు చుట్టుకుని ఆగిపోయింది. విప్పితే మళ్ళీ బిగించడానికి మనిషి రావడం రెండు వారాలు. తర్వాత ఒక కొమ్మలో సంక్రాంతి నాటి నైలాన్ మాంజా ఉందని ఎవరూ చూడలేదు. ఇప్పుడు వాచ్‌మన్ దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నాడు.

ఆకులకు యంత్రం అక్కర్లేదు. గోనె సంచిలో కూరి పిల్లల్ని ఎక్కి తొక్కమంటే అరగంటలో పొడవుతాయి. పచ్చిక కోసే మిషన్‌ను ఆకుల మీద నడిపినా చాలు. యంత్రం కావాల్సింది కొమ్మలకు, మట్టలకు, బోండాలకు. అవి ఒక్క కాలనీకి ఏడాదిలో నాలుగైదు రోజుల పని. కాబట్టి చిప్పర్ కాలనీకి ఒకటి కాదు, వార్డుకు ఒకటి, ట్రాక్టర్ మీద తిరిగేది ఉండాలి. మీ కార్పొరేటర్‌ని అడగాల్సింది కుప్పలకు నిధులు కాదు, ఇది.

కొన్నా అద్దెకు తెచ్చినా: కళ్ళద్దాలు, చెవులకు రక్షణ, బిగుతు బట్టలు. చున్నీ, లుంగీ, తువ్వాలు ఉన్నవాళ్ళు దగ్గరికి రాకూడదు. ఇరుక్కుంటే ముందు కరెంటు తీయండి, తర్వాతే చెయ్యి.

కరెంటు తీగల కింద కొట్టిన కొమ్మలు వారాల తరబడి రోడ్డు మీదే ఉంటాయి. ఎందుకు?

కొట్టేవాళ్ళు ఒకరు, ఎత్తేవాళ్ళు మరొకరు కాబట్టి. వానాకాలం ముందు తీగల కింద కొమ్మలు తీయక తప్పదు. అదే రోజు వెనకే చిప్పర్ బండి ఉంటే, కొమ్మ అక్కడికక్కడే పొట్టయి ఆ చెట్టు పాదులోకే పోతుంది. లారీలు, డంపింగ్ యార్డు, నిలవ కొమ్మలకు ఎవరో పెట్టే నిప్పు, అన్నీ తప్పుతాయి. లావు మొద్దుల్ని కలపగా అమ్మితే యంత్రం డీజిల్ ఖర్చులో కొంత వస్తుంది.

తుపాను వస్తే లెక్క మారిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కూలిన చెట్లు చూసినవాళ్ళకు తెలుసు, ఒక్క రోజులో నగరం నిండా కొమ్మలే. అలాంటప్పుడు స్థలం వెతకడం మొదలుపెడితే ఆలస్యమే. కోస్తా నగరాలు కొమ్మలు పోసే మైదానాన్ని తుపానుకు ముందే గుర్తించి పెట్టుకోవాలి.

నగరం మొత్తానికి చేయాలంటే?

పెద్ద యార్డులో ఎనిమిది పది అడుగుల వెడల్పు, ఐదారు అడుగుల ఎత్తున పొడవాటి వరుసలు వేసి జేసీబీతో తిరగేస్తారు. క్రిములు చావడానికి అమెరికా నిబంధనల్లో రాసిన కొలత మనకూ పనికొస్తుంది: వరుస లోపల 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు, ఆ లోపు కనీసం 5 సార్లు తిరగేయడం. కిందికి దిగే నల్ల నీళ్ళు పట్టుకునే కాలువ ఉండాలి. తిరగేసేటప్పుడు లేచే దుమ్ములో బూజు రేణువులుంటాయి, మాస్క్ లేకుండా పని చేయించకూడదు. యంత్రాలకూ షెడ్లకూ డబ్బు ఎలాగోలా దొరుకుతుంది. ఈ పని ఆగిపోయేది రోడ్డు ఊడ్చిన దగ్గరే, ఆకూ ప్లాస్టిక్కూ ఒకే బండిలో పడిన క్షణాన. ఆ తర్వాత కోట్ల రూపాయల జల్లెడ కూడా గాజు పెంకును పూర్తిగా తీయలేదు.

ఆకులతో బయోగ్యాస్ చేయొచ్చుగా? బోయిన్‌పల్లిలో చేస్తున్నారు.

బోయిన్‌పల్లి మార్కెట్లో వేసేది టమాటా, క్యాబేజీ, ఆకుకూరల తుక్కు. రోజుకు 10 టన్నులతో సుమారు 500 యూనిట్ల కరెంటు అని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు. ఎండుటాకు, కొమ్మ ఆ ట్యాంకులో అరగవు. చెక్కను గట్టిగా ఉంచే లిగ్నిన్‌ను గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు దాదాపు ముట్టుకోవు. దాన్ని కరిగించేది బూజు, దానికి గాలి కావాలి. తడి సరుకు ట్యాంకుకు, పొడి సరుకు కుప్పకు.

మీ కుప్పలో కనిపించే తెల్ల బూజు అదే. భయపడి మందు కొట్టకండి.

ఎరువు తయారైందని ఎలా తెలుస్తుంది?

తొలకరికి తడిసిన మట్టి వాసన రావాలి. ముదురు గోధుమ రంగు, ఏది ఏ ఆకో గుర్తు పట్టలేనంత పొడి. వేసిన కుప్ప సగానికి పైగా దిగిపోయి ఉంటుంది. తడిపి తిరగేసినా మళ్ళీ వేడెక్కకూడదు. అనుమానముంటే ఒక డొప్పలో ఎరువు, ఇంకో డొప్పలో మామూలు మట్టి పోసి గుప్పెడేసి మెంతులు చల్లండి. ఎరువులో మొలకలు తక్కువొచ్చినా, కొసలు మాడినా ఇంకో నెల మాగనివ్వండి.

అమ్ముకోవచ్చా? యూరియా మానేయొచ్చా?

నగర కంపోస్టుగా అమ్మాలంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని ప్రమాణాలు అందుకోవాలి. కర్బనం కనీసం 12 శాతం, నత్రజని 0.8, భాస్వరం 0.4, పొటాష్ 0.4 శాతం. కర్బన–నత్రజని నిష్పత్తి 20 లోపు. తేమ 15 నుంచి 25 శాతం. నూటికి తొంభై వంతులు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 దాటకూడదు. కాలనీ కుప్పకు ఇదంతా పెట్టుకోకండి, పంచుకోండి. మా దగ్గర మిద్దెతోటల వాళ్ళే వరుస కడతారు, ఒక్క సంచీ మిగలదు.

యూరియా లెక్క నిజాయితీగా చూద్దాం. 0.8 శాతమంటే టన్ను కంపోస్టులో 8 కిలోల నత్రజని. అది సుమారు 17 కిలోల యూరియాతో సమానం, బస్తాలో సగం కూడా కాదు. కాబట్టి రైతుకు "యూరియా బదులు ఇది" అని అమ్మితే మోసమే. కానీ యూరియా బస్తాలో దొరకనిది ఇందులో టన్నుకు కనీసం 120 కిలోల సేంద్రియ కర్బనం ఉంది. నీళ్ళు పట్టి ఉంచేది, మట్టిని గుల్ల చేసేది అదే. దాని పేరు చెప్పి అమ్మాలి.

కూరగాయలకు వాడొచ్చా?

మీరు వేసిన కుప్పైతే, ఏం వేశారో మీకు తెలుసు, వాడండి. మూడు వంతుల మట్టికి ఒక వంతు చాలు. కలగలుపు చెత్త నుంచి తీసిన ఎరువైతే రోడ్డు పక్క చెట్లకు, పూల మొక్కలకు పరిమితం చేయండి.

మా వీధి ఊడ్చే ఆవిడ చెప్పినా వినకుండా తగలబెడుతుంది. ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ముందు ఆవిడతో మాట్లాడండి. పొద్దున ఇంత లోపు ఇన్ని వీధులు అద్దంలా ఉండాలి, ఆకు ఎత్తే బండి మాత్రం రాదు. అగ్గిపుల్ల తప్ప ఆవిడ చేతిలో ఇంకేముంది? మేము నాలుగు వీధులకు ఇరవై గోనె సంచులు ఇచ్చి, నిండిన సంచి ఎక్కడ పెట్టాలో చూపించాం. ఆకును ఊడ్చాక ప్లాస్టిక్ ఏరడం కంటే ముందే ప్లాస్టిక్ ఏరి తర్వాత ఊడిస్తే సగం శ్రమని చెప్పింది కూడా ఆ అక్కే. పొగ ఆగడానికి ఒక్క నెల పట్టింది. సంచులిచ్చాక కూడా కాల్చేవాళ్ళుంటే, మా అనుభవంలో ఖాళీ ప్లాట్లు శుభ్రం చేయించే యజమానులే, అప్పుడు మున్సిపాలిటీ యాప్‌లో ఫోటో పెట్టండి.

ఎప్పుడు మొదలుపెడితే మంచిది?

సంక్రాంతి అయ్యాక. కొమ్మల్లో చిక్కిన మాంజా తీయించడం మొదటి పని. జనవరి ఆఖరుకు జాలీ, గోనె సంచులు, పేడ ఇచ్చే మనిషి ఫోన్ నంబర్ సిద్ధంగా ఉండాలి. ఫిబ్రవరి, మార్చిల్లో వేసిన కుప్పను ఎండల్లో తడుపుతూ వస్తే, తొలకరి మొక్కలు నాటే వేళకు జల్లెడ పట్టొచ్చు. జల్లెడలో మిగిలిన పుల్లల్ని పారేయకండి. కొత్త కుప్పకు అడుగున వేసేది అవే.